తాజా పుప్పొడితో పిచ్చర్ మొక్కకు ఇంట్లోనే గింజలు పట్టించడం: కావలి తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. కావలిలో మీ మేడ మీద వెంట్రాటా అనే రకం పిచ్చర్ మొక్కలు (ఆకు కొసన కూజా వేసి అందులో పురుగుల్ని పట్టి తినేవి) రెండున్నాయి, రెండూ ఒకే నర్సరీలో కొన్నావు, ఒకటి ఇప్పుడు పూల కాడ వేసింది, రెండోది కూడా పూస్తే వాటిని కలిపి గింజలు తీయొచ్చా అన్నది మొదటిది. ఒంగోలులో మీ స్నేహితుడి దగ్గరున్న మిరాబిలిస్ అనే ఇంకో రకం పిచ్చర్ మొక్కకి కూడా మొగ్గలొచ్చాయి, అవి విచ్చుకునేదాకా నీ మొక్క పుప్పొడిని ఫ్రిజ్‌లో దాచొచ్చా అన్నది రెండోది. గింజలు వస్తే మన ఎండలకు మొలుస్తాయా అన్నది మూడోది.

మొదటిది కుదరదు. మిగతా రెండూ కుదురుతాయి, కొంచెం ఓపిక ఉంటే.

ఎందుకు కుదరదో ముందు చెప్తాను, మన వైపు ఈ మొక్కలు పెంచేవాళ్లు చాలామంది ఇక్కడే చిక్కుకుపోతున్నారు. నెపెంథిస్‌లో, అంటే మన ఈ పిచ్చర్ మొక్కల జాతిలో, మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే. పోతుతాటికి ముంజలు కాయవు కదా, ఇదీ అంతే. పైగా పూసేదాకా ఏది మగదో ఏది ఆడదో తెలుసుకోవడానికి ఆకులో గానీ కూజాలో గానీ ఏ గుర్తూ ఉండదు. కూజా లావుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది అని వాట్సాప్‌లో తిరిగేదంతా ఉత్త కబుర్లు.

ఇక నీ రెండు వెంట్రాటాల సంగతి. నర్సరీల్లో దొరికే వెంట్రాటా దాదాపు అంతా టిష్యూ కల్చర్ సరుకు. ఒక మొక్క ముక్కలోంచి ల్యాబ్‌లో వేలకు వేలు తీస్తారు, కాబట్టి ఒకే బ్యాచ్‌లో కొన్న రెండు మొక్కలు అన్నదమ్ములు కూడా కావు, రెండు కుండీల్లో ఉన్న ఒకే మొక్క. ఒకటి మగదైతే రెండోదీ మగదే. నేను చూసినంతలో మార్కెట్లో తిరిగే వెంట్రాటాలో మగదే ఎక్కువ. ఇలాంటివి పది కొని వరసగా పెట్టుకున్నా గింజ పడదు. కావాలంటే వేరే రకం తెచ్చుకోవాలి, లేదా గింజ నుంచి పెరిగిన మొక్క తెచ్చుకోవాలి, అన్నిటికంటే మంచి దారి ఏంటంటే ఇప్పటికే పూసి ఆడదని తేలిన మొక్క నుంచి ఒక కొమ్మ అడిగి తెచ్చుకుని నాటుకోవడం. కొమ్మ నాటితే వచ్చేది తల్లి మొక్కే కాబట్టి ఆడదా మగదా అనే టెన్షన్ ఉండదు.

నువ్వు పంపిన ఫొటోలో మొగ్గలింకా విచ్చుకోలేదు కాబట్టి ఇది చూసుకో. ఈ పూలకు రేకులుండవు, నాలుగు చిన్న తమ్మెల్లాంటివి ఉంటాయి, వాటి మీద తేనె చెమ్మ మెరుస్తుంటుంది. విచ్చుకున్నాక మధ్యలోంచి సన్నటి కాడ లేచి దాని కొసన గుండ్రటి ముద్ద ఉండి, ఒకట్రెండు రోజుల్లో ఆ ముద్ద పసుప్పచ్చగా పొడి రాలిస్తే అది మగ పువ్వు. కాడ లేకుండా మధ్యలో కోలగా ఉబ్బిన పచ్చటి అండాశయం ఉండి, దాని నెత్తిన నాలుగు పాయలుగా చీలిన కీలాగ్రం కనిపిస్తే ఆడది. ఒక కాడ మీద ఉన్న పూలన్నీ ఒకటే, మగైతే అన్నీ మగవే. కింద నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి, మొత్తం అయ్యేసరికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈ రెండు మూడు వారాలే నీకున్న గడువు.

అసలు కష్టమంతా ఈ గడువు దగ్గరే ఉంది. పుప్పొడి రాయడం పెద్ద విద్యేం కాదు, చిన్నపిల్లలు కూడా చేస్తారు. మగది, ఆడది ఒకేసారి పూయడం, ఆ రెండూ ఒకరికొకరు అందేంత దూరంలో ఉండటం, అదీ దొరకనిది. అందుకే నీది మగదని, ఒంగోలు మొక్క ఆడదని తేలితే నువ్వు ఫ్రిజ్ గురించి ఆలోచించొద్దు, రైలెక్కు. కావలి నుంచి ఒంగోలు ఎంతని, గంట గంటన్నర. పొద్దున తీసిన పుప్పొడి మధ్యాహ్నం లోపు ఆడ పువ్వు మీద ఉంటే దానికి మించింది లేదు.

ఎలా తీయాలంటే, తెల్లవారుజామున మంచు, తేమ ఉంటాయి కాబట్టి అప్పుడు ముట్టుకోకు. ఎండ కాస్త ఎక్కి పువ్వు పొడిబారాక, తొమ్మిది పది మధ్య, పసుపు పొడి బాగా రేగుతున్న పూలు చూసుకుని ట్వీజర్‌తో పువ్వుకు పువ్వే తుంచెయ్. బ్రష్‌లు, ఇయర్ బడ్‌లు నాకు నచ్చవు, సగం పొడి ఆ దూదికే అంటుకుపోతుంది. తుంచిన పూలను బటర్ పేపర్‌లోనో అల్యూమినియం ఫాయిల్‌లోనో వదులుగా మడిచి, చిన్న స్టీలు డబ్బాలో పెట్టు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేస్తే లోపల చెమ్మ పట్టి పుప్పొడి ముద్దైపోతుంది, అలా ఎప్పుడూ చేయొద్దు. బైకు డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకు, ఆ వేడికి అరగంటలో చచ్చిపోతుంది. చేతిసంచిలో నీడన ఉంటే చాలు.

అక్కడికి వెళ్లాక ఆడ పువ్వు కీలాగ్రాన్ని దగ్గరగా చూడు, ఫోన్ కెమెరా జూమ్ చేస్తే బాగా తెలుస్తుంది. తడిగా, జిగటగా మెరుస్తుంటే సిద్ధంగా ఉన్నట్టు. నల్లబడి ఎండిపోయి ఉంటే ఆ పువ్వు పని అయిపోయింది, వదిలెయ్. సిద్ధంగా ఉన్నవాటి మీద మగ పువ్వు ముద్దను పట్టుకుని మెల్లగా అద్దు, నాలుగు పాయల మీదా పసుపు కనిపించాలి. ఒక మగ పువ్వుతో రెండు మూడు ఆడ పూలకు రాయొచ్చు. ఆడ పువ్వు కొన్ని రోజుల పాటు పుప్పొడిని తీసుకుంటుంది, అందుకే కుదిరితే ఒకరోజు విడిచి ఒకరోజు ఇంకోసారి రాస్తే మంచిది. పైన మొగ్గలు ఇంకా విచ్చుకుంటూ ఉంటాయి కాబట్టి నువ్వు ఒక్క ట్రిప్పుతో ఆపకుండా, మీ స్నేహితుడికే రాయడం నేర్పి, రెండో విడత పూలు తెలిసినవాళ్ల చేత పంపు. అదే రోజు అందితే చాలు.

రాసిన ప్రతి పువ్వుకూ రంగు దారం కట్టు. ఒకే కాడ మీద కింద పూలకు ఒక మగ మొక్క పుప్పొడి, పైవాటికి ఇంకో మగ మొక్కది రాసి రెండు రకాల గింజలు తీయొచ్చు, కానీ దారం లేకపోతే ఏ కాయ ఎవరి పిల్లో ఎవరికీ తెలీదు. పేరు రాసేటప్పుడు ఆడ మొక్క పేరు ముందు, మగ మొక్క పేరు తర్వాత రాయడం పద్ధతి. అంటే నీది మిరాబిలిస్ ఇంటూ వెంట్రాటా అవుతుంది, తిరగేసి రాయకు.

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి. దాచొచ్చు, అడ్డం లేదు, కానీ అది రెండో దారి. మగది ముందు పూసి ఆడది ఇంకా మొగ్గ మీద ఉంటే వేరే గతి లేదు. ఫాయిల్ పొట్లాన్ని గాలి చొరని చిన్న డబ్బాలో వేసి, అందులో సిలికా జెల్ సంచి ఒకటి పడేయ్ (కొత్త చెప్పుల డబ్బాలో వస్తాయే అవే, కాకపోతే పాతబడి తేమ పట్టినవి కాకుండా చూసుకో). ఒక రోజు బయటే ఆరనిచ్చి ఫ్రిజ్ కింది అరలో పెడితే ఒకటి రెండు వారాలు బాగానే ఉంటుంది. నెలల తరబడి కావాలంటే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి, అప్పుడు కూడా తాజాదానితో పట్టినన్ని గింజలు పట్టవు. చాలామందికి తెలియని విషయం ఒకటుంది: ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని వెంటనే తెరవకూడదు. మన నెల్లూరు గాలిలో ఉండే తేమ చల్లటి పొట్లం మీద పడి క్షణంలో నీళ్లవుతుంది, తడిసిన పుప్పొడి పగిలి చచ్చిపోతుంది. మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు తెరువు. మళ్లీ మళ్లీ లోపల పెట్టి బయట తీసే పని లేకుండా ముందే చిన్న చిన్న పొట్లాలుగా కట్టుకో.

మన దగ్గర నేను చూసినంతలో వానలు మొదలయ్యాక, అంటే అక్టోబరు నుంచి మొదలై చలికాలం దాకా వేసే పూల కాడలు నిలబడతాయి. మే నెలలో వేస్తే పడమటి గాలికి మొగ్గలోనే మాడిపోతాయి. కాకపోతే అక్టోబరు, నవంబరు అంటే మనకు వాయుగుండాల కాలం, మూడు రోజులు ముసురు పట్టిందంటే పుప్పొడి మొత్తం కొట్టుకుపోతుంది. పూస్తున్న కుండీని వాన పడని వసారాలోకి మార్చు, వెలుతురు మాత్రం తగ్గకూడదు. చీమలు తేనె కోసం వస్తాయి, వాటి వల్ల పెద్ద నష్టం లేదు, కానీ వాటి వెనకే పిండినల్లి వస్తుంది, పూల కాడంటే దానికి మహా ఇష్టం. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి తుడిచెయ్, విచ్చుకున్న పూల జోలికి మాత్రం పోకు. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెడితే చీమలే రావు.

పట్టిందా లేదా అన్నది రెండు మూడు వారాల్లో తెలుస్తుంది. పట్టిన కాయ ఉబ్బి, పచ్చగా గట్టిపడుతుంది, పట్టనివి పసుపు తిరిగి రాలిపోతాయి. అక్కడి నుంచి కాయ పండటానికి రెండు నుంచి నాలుగు నెలలు. మధ్యలో కోసి చూడాలని చేతులు లాగుతాయి, చూడకు. కాయలు మోస్తున్న మొక్క కొత్త కూజాలు తక్కువ వేస్తుంది, కంగారు పడి ఎరువులు గుప్పించొద్దు. మొక్క మరీ చిన్నదైతే కాయలు మోయించకుండా కాడ కత్తిరించెయ్యడమే దానికి మేలు. కాయ గోధుమ రంగుకు తిరిగేటప్పటికి పలుచటి నెట్ గుడ్డ సంచి తొడిగి కట్టు, ఎందుకంటే అది నాలుగు పలకలుగా విచ్చుకుంటుంది, గింజలు వెంట్రుకల్లా సన్నగా, తేలిగ్గా ఉంటాయి, సముద్రం గాలి ఒక్కసారి తగిలితే మీ వీధి మొత్తం పంచేస్తుంది. ఒక్కో కాయలో వందల్లో ఉంటాయి. భూతద్దం కింద చూస్తే మంచి గింజకు నడుమ చిన్న ఉబ్బు కనిపిస్తుంది, అది లేనివి తాలు.

ఏ రకాన్ని దేనితో కలపాలి అని భయపడనక్కర్లేదు. ఈ జాతి మొక్కల్లో లెక్కపెట్టి చూసినవాటన్నిటికీ క్రోమోజోములు 80, అందుకే ఏ రకమైనా ఏ రకంతోనైనా దాదాపు కలిసిపోతుంది, అలా పుట్టిన హైబ్రిడ్‌లు కూడా మళ్లీ గింజ పడతాయి. ఇంగ్లండ్‌లో వీచ్ నర్సరీలో పనిచేసిన జాన్ డొమినీ 1860ల్లోనే వీటిని చేత్తో కలిపి హైబ్రిడ్‌లు తీశాడు. మనిషి చేత్తో కలిపిన మొదటి ఆర్కిడ్ హైబ్రిడ్ 1856లో పూసింది, అదీ ఈయనదే. అప్పట్లో ఆయన దగ్గర ఉన్న పరికరాలు నీ దగ్గర ఉన్నవాటికంటే ఎక్కువేం కాదు.

అయితే కలిసేవన్నీ నెల్లూరులో బతకవు, అది గుర్తుపెట్టుకో. మిరాబిలిస్, ఆంపుల్లారియా, రఫ్లెసియానా, బైకాల్కరాటా లాంటి పల్లపు ప్రాంతాల రకాలు, వాటి పిల్లలు మన వేడికి తట్టుకుంటాయి. ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి రాజా, విల్లోసా అని వెంటపడకు, అవి బోర్నియోలో కినబాలు కొండ మీద చల్లటి రాత్రుల్లో పెరిగేవి, మన మే నెల రాత్రికి వారం తిరక్కుండా పోతాయి. ఖాసియానా సంగతి వేరు. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ అదొక్కటే, మేఘాలయలో గారో, ఖాసీ, జైంతియా కొండల్లో ఉంటుంది. అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టే సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్‌లోనూ ఉంది, ఆ చట్టం ప్రకారం దాన్ని పెంచాలన్నా లైసెన్సు కావాలి. ఎవరైనా అడవి నుంచి తెచ్చామని చవగ్గా ఇస్తానంటే దండం పెట్టి వచ్చెయ్.

ఆన్‌లైన్‌లో నీలం రంగు, ఇంద్రధనుస్సు రంగు పిచ్చర్ మొక్క గింజలని అమ్మేవి కూడా అంతే, అలాంటి మొక్కలే లేవు. అసలు ఈ గింజ కాయలోంచి బయటపడ్డాక ఎక్కువ కాలం బతకదు, ఎప్పటివో తెలీని పొట్లాలు కొనడం దండగ. నీ గింజలు కూడా వచ్చిన వారంలోనే చల్లెయ్, కుదరకపోతే పేపర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి వీలైనంత తొందరగా వాడెయ్.

చల్లడానికి స్ఫాగ్నమ్ నాచును నానబెట్టి సన్నగా కత్తిరించి వాడితే మంచిది. ఖర్చెక్కువ అనుకుంటే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పర్లైట్ (తెల్లటి తేలికపాటి రాతి గుళికలు) సగం సగం కలుపు, కానీ కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, మంచినీళ్లలో నాలుగైదుసార్లు పిండి కడిగితే తప్ప పనికిరాదు. గింజల్ని పైన చల్లి వదిలెయ్, మట్టి కప్పకు, వెలుతురు తగలాలి. నీళ్లు స్ప్రే చేసి, స్వీటు షాపులో ఇచ్చే మూత ఉన్న పారదర్శకం డబ్బాలో పెట్టి మూత వెయ్యి. వెలుతురు బాగా ఉండి ఎండ నేరుగా పడని చోటు చూసుకో, మూసిన డబ్బా మీద ఎండ పడితే లోపల ఉడికిపోతుంది. నెల రోజులకు కొన్ని మొలవొచ్చు, కొన్ని మూడు నెలలు కూడా తీసుకుంటాయి, అందుకని నెలకే మొలవలేదని పారబోయకు. బూజు కనిపిస్తే రోజూ కాసేపు మూత తీసి గాలి ఆడనివ్వు.

నీళ్ల విషయంలో మాత్రం రాజీ వద్దు. కావలిలో మీ బోరు నీళ్లు ఎలా ఉంటాయో నీకే తెలుసు, ఒంగోలు, కనిగిరి వైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఉప్పుకు పెద్ద మొక్క కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, మొలక ఓర్చుకోదు. చిన్న టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో కొలిచేది) కొనుక్కో, యాభై లోపు ఉంటే నిశ్చింత, వంద దాటితే వాడకు. ఈశాన్య రుతుపవనం వానలు మనకు దేవుడిచ్చిన వరం, మొదటి వానకు మేడ కడిగి వదిలేసి తర్వాతి వానల నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటే వేసవి దాకా వస్తాయి. దోమలు చేరకుండా డ్రమ్ము మూతికి గుడ్డ కట్టు. వేసవిలో అవి అయిపోతే ఆర్‌ఓ నీళ్లో, ఏసీ పైపు నుంచి కారే నీళ్లో వాడుకో.

మొలకలకు రెండు బీజదళాలు వచ్చాక మూడో ఆకు నుంచే బుల్లి బుల్లి కూజాలు కనిపిస్తాయి, ముచ్చటేస్తుంది. కానీ ఆ సైజులో కదపకు, ఆరు నెలలన్నా పోనీ. మొదటి వేసవిలో డబ్బా మూత పూర్తిగా తీయకుండా, రెండు పొరల షేడ్ నెట్ కింద, గోడ తూర్పు వైపు పెట్టు. పడమటి వైపు పెడితే జూన్‌లో ఏమీ మిగలవు. పూయడానికి మూడేళ్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది, అప్పటిదాకా ఏది ఆడదో నీకూ తెలీదు నాకూ తెలీదు.

అందుకే అన్నీ నువ్వే దాచుకోవద్దు. నీకు నచ్చినవి కొన్ని ఉంచుకుని మిగతావి కాగితం లేబుల్ కాకుండా చెరగని పెన్నుతో ప్లాస్టిక్ లేబుల్ రాసి, ఒంగోలు, కావలి, గూడూరు, నెల్లూరులో పెంచేవాళ్లకు పంచు. ఒక్క ఇంట్లో ఆడ, మగ ఒకేసారి పూయడం అదృష్టం, ఒకే రైలు దారి మీద పది ఇళ్లలో ఉంటే ఎవరో ఒకరి దగ్గర తాజా పుప్పొడి ఉంటుంది. నెల్లూరు వాటాలో నాకు ఒక డబ్బా పక్కన పెట్టు, పార్సిల్ ఖర్చు నాదే.